నెలల పిల్లలకి పరాయి భాష శబ్దాల తేడా తెలుస్తుందా?

పాపకి 7 నెలలు, ఇంట్లో మీరు తెలుగు, అత్తగారు వేరే భాష; ఈ వయసులో ఆ శబ్దాల తేడా తెలుస్తుందా, తికమకపడుతుందా అని అడిగారు.

తెలుస్తుంది. పెద్దవాళ్లకి తెలియనివి కూడా తెలుస్తాయి.

మావారి మాతృభాష ఇంగ్లీషు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయనకి 'తాత', 'టాటా' ఒకేలా వినిపిస్తాయి. ఎదురుగా కూర్చుని పలికి చూపిస్తే, నాలుక పళ్లకి తగలడం చూసి త అని పట్టుకుంటారు. కళ్లు మూసుకుంటే మళ్లీ మొదటికే. నాకూ అంతే. ఆయన భాషలో పశువుల డాక్టరూ 'వెట్', తడీ 'వెట్'. మొదటిదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, నా చెవికీ ఒకటే.

మా అమ్మాయికి ఆ ఇబ్బంది లేదు. ఏడాది దాటిన కొత్తలోనే, నేను చెయ్యి కదపకుండా 'టాటా' అంటే చెయ్యి ఊపేది, 'తాత' అంటే మా నాన్నగారి కోసం తలుపు వైపు చూసేది.

సరిగ్గా ఈ త, ట ల మీదే కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ పరిశోధన చేసి 1984లో ప్రచురించారు. వినిపించే శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కన బొమ్మ వెలిగి ఆడుతుంది. ఇంగ్లీషు మాత్రమే వినే ఇళ్లలోని 6-8 నెలల పిల్లల్లో చాలామంది హిందీ త, ట ల తేడా పట్టేశారు. 10-12 నెలల వాళ్లలో పట్టినవాళ్లు బాగా తక్కువ. వినికిడి తగ్గి కాదు. రోజూ వినే భాషలో అక్కరకొచ్చే తేడాల మీదే మెదడు శ్రద్ధ పెట్టడం మొదలెడుతుంది.

ఇది చదివి టెన్షన్ పడి వీడియోలు పెట్టకండి. నేను నెలల తరబడి ఇంకో భాష పాటలు పెట్టాను, ఒక్క ముక్కా అంటలేదు. పట్రీషియా కూల్ బృందం 2003లో చూపించింది కూడా ఇదే: 9 నెలల అమెరికన్ పిల్లలు చైనా మాండరిన్ మాట్లాడే మనిషితో 12 సార్లు ఆడుకుంటే ఆ శబ్దాల తేడా పట్టారు, అదే టీవీలో చూసినవాళ్లు పట్టలేదు.

మీ ఇంట్లో ఆ మనిషి ఉన్నారు. స్నానం చేయిస్తూ, ఎత్తుకుని తిప్పుతూ అత్తగారిని ఆవిడ భాషలోనే మాట్లాడమనండి. రేపు పాప ఒకే వాక్యంలో రెండు భాషల మాటలూ కలిపేస్తే కంగారుపడకండి; మా అమ్మాయీ మూడేళ్లదాకా అలాగే మాట్లాడింది.