కెనడాలో పైలట్ శిక్షణ పొందిన తాతగారి వివరాలు ఎలా వెతకాలి?

మీ మావగారి నాన్నగారు రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన తరఫున కెనడా వెళ్లి పైలట్ శిక్షణ పొందారని, మీ దగ్గర ఒక ఫొటో మాత్రమే ఉందని రాశారు. మా ఆయన తాతగారూ అలా వెళ్లినవారే. ఆయన కోసం మేం చాలా వెతికాం కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆ ఫొటోనే నిదానంగా చూడండి. టోపీ ముందు తెల్ల గుడ్డ పట్టీ ఉంటే అప్పటికి ఇంకా శిక్షణలోనే ఉన్నారన్నమాట. ఎడమ జేబు పైన రెక్కల బ్యాడ్జి ఉంటే శిక్షణ పూర్తయ్యాక తీసింది. వెనక స్టూడియో ముద్ర ఉంటే ఊరి పేరు కూడా దొరికినట్టే.

తర్వాత బంధువులందరినీ లాగ్‌బుక్ (పైలట్ తను ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం) గురించి అడగండి. సర్వీసు ఫైలు (వాయుసేన ఆయన ఉద్యోగం గురించి ఉంచిన రికార్డు) కన్నా నాకు అదే ముఖ్యం. ఎందుకంటే యుద్ధకాలంలో బ్రిటన్, దాని అనుబంధ దేశాల వైమానికులకి కెనడాలో శిక్షణ ఇచ్చిన పథకంలో 1,31,000 మందికి పైగా శిక్షణ పొందారు, అందులో పేరు పట్టుకుని వెతికితే తేలదు. స్కూలు నంబరు, తేదీలు తెలిస్తే దారి దొరుకుతుంది. ఆ రెండూ లాగ్‌బుక్‌లో ఉంటాయి. ఒక్కో వరుసలో తేదీ, విమానం రకం, దాని నంబరు, వెంట ఉన్న శిక్షకుడి పేరు, ఆ రోజు చేసిన అభ్యాసం. మా ఆయన తాతగారు ఫైటర్ విమానం నడిపారని ఇంట్లో అందరూ అనుకునేవారు. లాగ్‌బుక్ తీస్తే కెనడాలోని మెడిసిన్ హ్యాట్ ఊళ్లో 34వ సర్వీస్ ఫ్లయింగ్ స్కూల్లో (పై స్థాయి పైలట్ శిక్షణ ఇచ్చే స్కూలు) అన్నీ ఆక్స్‌ఫర్డ్ విమానాలే. అది రెండు ఇంజన్ల శిక్షణ విమానం, ఎక్కువగా బాంబర్ల వైపు వెళ్లేవాళ్లకి. హార్వర్డ్ విమానం అని ఉంటే ఒక ఇంజను శిక్షణ.

ఇంకో గుర్తు: స్కూలు నంబరు 31 లేదా అంతకు పైన ఉంటే అది సాధారణంగా బ్రిటన్ నుంచి కెనడాకి తరలించిన స్కూలు. స్కూలు తెలిశాక దాని రోజువారీ డైరీ వెతకండి. ఇలాంటివి చాలా వరకు కెనడా ప్రభుత్వ ఆర్కైవ్స్ మైక్రోఫిల్ముల్లో ఉన్నాయి, కొన్ని ఆన్‌లైన్‌లోనే చదవొచ్చు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 29 (AIR 29) అనే రికార్డుల వరుస కూడా చూడండి. తాతగారి లాగ్‌బుక్‌లో శీతాకాలంలో ఒకచోట వరసగా ఖాళీ ఉంది. జబ్బుపడ్డారేమో అనుకున్నాం. ఆ తేదీలకి డైరీ చూస్తే మంచు వల్ల విమానాలేవీ లేవలేదని రాసి ఉంది. డైరీల్లో విద్యార్థుల పేర్లు ఎప్పుడో గాని రావు, అయినా ఆయన గడిపిన రోజులు కళ్లకు కడతాయి.

సర్వీసు ఫైలుకి కూడా ఇప్పుడే అర్జీ పెట్టేయండి, సమయం పడుతుంది. బ్రిటన్ రక్షణ శాఖ 2022 నుంచి పాత ఫైళ్లని విడతలవారీగా నేషనల్ ఆర్కైవ్స్‌కి పంపుతోంది, కాబట్టి మీది ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి. సర్వీసు నంబరు తెలియకపోతే, ఆయన ఆఫీసరు అయ్యుంటే, బ్రిటన్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో ఆయన నియామకం పక్కనే ఆ నంబరు ఉంటుంది. ఫైల్లో అన్నీ పొడి అక్షరాలే, మొదట చూస్తే ఏమీ అర్థం కాదు. అర్థం కానివి ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంత వరకు విప్పి చెబుతాను.