1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఉద్యోగం అనే మాటకు అర్థం మారిందా?

మా ఇంట్లోనైతే మారింది. నాన్నకు తన యజమాని ఎవరో తెలుసు. నాకు తెలియదు.

నాన్న బాలానగర్‌లో ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ఫిట్టర్. జీతంలో ఓవర్‌టైమ్ డబ్బు తక్కువ పడితే టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, సరిచేయించుకునే ఇంటికొచ్చేవాడు. 2001లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చి పంపేశారు. అక్క పెళ్లి, రెండు గదుల ఇల్లు ఆ డబ్బుతోనే అయ్యాయి.

నేను పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద చేస్తున్నా. అదే లైను, అదే మెషీను. కాంట్రాక్టరు మాత్రం ఆరుసార్లు మారాడు. టెండరు అయిపోగానే పాత ఐడీ కార్డు లాక్కుని కొత్త పేరున్నది మెళ్లో వేస్తారు. నా పీఎఫ్ పాస్‌బుక్ చూస్తే ఎవరైనా ఊరూరా తిరిగి పనిచేశాననుకుంటారు! గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి కదా, కాంట్రాక్టరు మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికే అంటారు. హెచ్ఆర్‌ని అడిగితే "మీ కాంట్రాక్టర్ని అడుగు", అతన్ని అడిగితే "కంపెనీ బిల్లు పాస్ చేయలేదు".

చట్టం లేదా అంటే, 1970లోనే వచ్చింది. ఏడాది పొడవునా సాగే పనుల్లో కాంట్రాక్టు విధానాన్ని ప్రభుత్వం నిషేధించవచ్చని అందులో ఉండేది. అలా నిషేధించిన చోట ఆ కార్మికుల్ని కంపెనీయే తీసుకోవాలని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసుకొచ్చేసరికి, దానంతటదే పర్మనెంట్ అయిపోదని ఆ తీర్పును కొట్టేసింది. నాన్నను పంపిన ఏడాదే.

అలాగని పాత రోజులు స్వర్గమేమీ కాదు. ల్యాండ్‌లైన్ కోసం ఏళ్లు ఎదురుచూశాం, ఆ ఫ్యాక్టరీలో చేరడానికి కూడా సిఫారసు కావాల్సొచ్చింది. నిజం ఒప్పుకోవాలి.

తమ్ముడిది ఇంకో కథ. ఫుడ్ డెలివరీ చేస్తాడు. వాణ్ని ఉద్యోగి అనరు, 'పార్ట్‌నర్' అంటారు. 2020 సామాజిక భద్రతా కోడ్ అనే చట్టంలో ఇలాంటి వాళ్లకు 'గిగ్ వర్కర్' అనే పేరైతే ఎక్కింది. పోయిన వేసవిలో ఎవరో కస్టమర్ కంప్లయింట్ ఇచ్చారని వాడి ఐడీ బ్లాక్ అయింది. ఏ ఆర్డరో, ఏం కంప్లయింటో చెప్పలేదు.

"టెన్షన్ ఎందుకురా, పోయి మీ మేనేజర్ని కలువు" అన్నాడు నాన్న. తమ్ముడు ఫోన్ తీసి చాట్ చూపించాడు. ఏం టైప్ చేసినా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే వస్తోంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని కింద దాకా జరిపి చూసి, "ఇందులో ఆఫీసు అడ్రస్ ఎక్కడుంది?" అన్నాడు.