50 బాగుంది, 135 మాత్రం వెనక్కి పోతోంది: తప్పు ఎవరిది?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. లైకా ఎం9 (రేంజ్‌ఫైండర్ డిజిటల్ కెమెరా) మీద 50 మి.మీ. లెన్సుతో ఫోకస్ చక్కగా వస్తోంది. ఈమధ్య కొన్న పాత హెక్టర్ 135 మి.మీ. ఎఫ్/4.5 స్క్రూ మౌంట్ (మరలాగా తిప్పి బిగించే) లెన్సును అడాప్టర్ రింగుతో ఎం9కు తగిలిస్తే మాత్రం, 3 మీటర్ల దూరంలో మనిషి కంటి మీద ఫోకస్ పెడితే చెవి షార్ప్‌గా పడుతోంది. అదే అడాప్టర్‌తో పాత 50 స్క్రూ లెన్సుకు ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి కెమెరా మంచిదే, అడాప్టర్ మంచిదే, హెక్టరే పాడైంది, అమ్మేయనా అని అడిగారు.

అప్పుడే అమ్మకండి. నా దగ్గర కూడా ఇదే కెమెరా, ఇదే లెన్సు. ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌నే. ఈ కేసులో 50 చెప్పే సాక్ష్యం చెల్లదు. ఎందుకో చెప్తాను, కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

రేంజ్‌ఫైండర్, అంటే కెమెరాలో దూరం కొలిచి ఫోకస్ చూపించే ఏర్పాటు, లెన్సులోంచి చూడదు కదా. మౌంట్ లోపల పైన చిన్న రోలర్ ఒకటి ఉంటుంది. లెన్సు వెనక ఉన్న క్యామ్ (రోలర్‌ను తాకే లోహపు అంచు) దాన్ని కదిలించిన కొద్దీ వ్యూఫైండర్ మధ్యలో ఉన్న ప్యాచ్‌లోని రెండో బొమ్మ జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒక్కటైతే ఫోకస్ కుదిరినట్టు. లైకాలో ఈ ఏర్పాటంతా సుమారు 51.6 మి.మీ. లెన్సును ఆధారం చేసుకుని కట్టింది. అంటే 50 లెన్సులో గాజు ఎంత ముందుకెళ్తే క్యామ్ కూడా ఇంచుమించు అంతే వెళ్తుంది. 135లో అలా కుదరదు. అదే దూరానికి గాజు చాలా ఎక్కువ కదలాలి, క్యామ్ మాత్రం 50లో కదిలినంతే కదలాలి. ఈ తేడా ఫోకల్ లెంగ్త్‌ల వర్గాల నిష్పత్తిలో ఉంటుంది, దాదాపు 7 రెట్లు.

ఇప్పుడు అడాప్టర్ సంగతి. స్క్రూ మౌంట్ ఫ్లాంజ్ దూరం (లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా) 28.8 మి.మీ., ఎం9కు ఉన్న ఎం మౌంట్‌ది 27.8. అడాప్టర్ మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి. అది 0.04 మి.మీ. ఎక్కువైందనుకోండి. 50 లెన్సు పెడితే గాజూ క్యామూ రెండూ కలిసి ఆ 0.04 ముందుకొస్తాయి, వాటి మధ్య లెక్క చెడదు. రింగు చివరిదాకా తిప్పినా ఇన్ఫినిటీకి (అనంత దూరానికి) కొంచెం ఇవతల ఆగుతుందేమో, అంతే. 135 పెడితే క్యామ్ 0.04 జరిగినందుకు గాజు దాదాపు 0.28 జరగాలి. కానీ జరిగింది 0.04 మాత్రమే. ఆ లోటు 3 మీటర్ల దగ్గర సుమారు 10 సెం.మీ. బ్యాక్ ఫోకస్ అవుతుంది, అంటే ఫోకస్ పెట్టిన చోటుకు అంత వెనక షార్ప్‌గా పడుతుంది. కంటికీ చెవికీ మధ్య దూరం ఎంతో స్కేలు పెట్టి చూసుకోండి!

కెమెరా రోలరే కాస్త తప్పుగా ఉన్నా 50 దాన్ని కప్పేస్తుంది. 3 మీటర్ల దగ్గర 50 మి.మీ. ఎఫ్/2కి ఫిల్మ్ రోజుల లెక్కలో 40 సెం.మీ. పైన డెప్త్ (ముందూ వెనకా షార్ప్‌గా కనపడే మేర) ఉంటుంది. మన హెక్టర్‌కు ఫుల్ అపెర్చర్‌లో 13 సెం.మీ. ఉంటుంది, అదీ పాత లెక్కే. ఎం9 ఫోటోను కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి చూస్తే అందులో సగం కూడా మిగలదు. ఫిల్మ్ మీద ఎవరికీ కనపడని తప్పు ఇప్పుడు కనపడుతోందంటే కారణం అదే.

నా అడాప్టర్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది. అనుమానం వచ్చి బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపుకు పట్టుకెళ్లాను. అక్కడి మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఈ వాషర్ ఏ బండిది సార్?" అన్నాడు. మైక్రోమీటర్‌తో చుట్టూ నాలుగుచోట్ల కొలిచాడు. ఒకవైపు 1.03, ఎదురువైపు 1.05. అంటే మందం ఎక్కువ, పైగా వాలు కూడా. మామూలు వర్నియర్ క్యాలిపర్‌తో ఈ తేడా నమ్మకంగా దొరకదు, మైక్రోమీటరే కావాలి. ఎమరీ పేపర్ మీద రుద్ది సన్నం చేయొచ్చని కొందరంటారు. నా ఉద్దేశంలో అది వద్దు, ఉన్న వాలుకు ఇంకో వాలు తోడవుతుంది. మందం కచ్చితంగా ఉన్న అడాప్టర్ కొనుక్కోండి, ధర ఎక్కువైనా సరే. కొనేటప్పుడు 35/135 ఫ్రేమ్‌లైన్లు (ఫోటోలో ఎంత పడుతుందో వ్యూఫైండర్‌లో చూపే గీతలు) తెచ్చేదే అడగండి. ఫోకస్‌కు దానితో సంబంధం లేదు గానీ ఫ్రేమింగ్‌కు కావాలి.

కొలిపించుకునే వీలు లేకపోతే ఇంట్లోనే ఓ పరీక్ష ఉంది. రింగును ఇన్ఫినిటీ స్టాప్ దాకా తిప్పి, బాగా దూరంలో ఉన్న సెల్ టవర్ లాంటి నిలువు గీతను ప్యాచ్‌లో చూడండి. కిలోమీటరుకు బాగా పైనే ఉండాలి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి బుద్ధ విగ్రహాన్ని చూస్తే చాలదు, అది దగ్గరే. నేను గోల్కొండలో బాలాహిస్సార్ ఎక్కి హైటెక్ సిటీ వైపు బిల్డింగుల అంచులు చూశాను. పొద్దున్నే వెళ్లండి, ఎండాకాలంలో కాస్త పొద్దెక్కితే చాలు, వేడిగాలికి దూరపు గీతలన్నీ అల్లాడుతుంటాయి. అడాప్టర్ అక్కర్లేని ఎం మౌంట్ 50తో టవర్ ఒక్కటిగా కలిసి, హెక్టర్‌తో రెండుగా కనిపిస్తే కెమెరా తప్పు కాదు. 50తోనే కలవకపోతే లెన్సుల జోలికి పోకుండా కెమెరాను సర్వీసుకివ్వండి.

దగ్గర పరీక్షకు అగ్గిపెట్టెలు చాలు. ఐదింటిని మెట్లలా, ఒక్కోటి 3 సెం.మీ. వెనక్కి, కొంచెం పక్కకి జరుపుతూ నిలబెట్టండి. కెమెరా ట్రైపాడ్ మీద, దూరం 3 మీటర్లు, అపెర్చర్ 4.5, సెల్ఫ్ టైమర్. మధ్య పెట్టె నిలువు అంచు మీద ఫోకస్ పెట్టండి. రింగును ప్రతిసారీ ఇన్ఫినిటీ వైపు నుంచే తిప్పుకుంటూ రండి. పాత గ్రీజు ఎండి హెలికాయిడ్‌లో (ఫోకస్ రింగు లోపలి మరలో) వదులు ఉంటే, అటు నుంచి ఒక ఫలితం, ఇటు నుంచి ఒక ఫలితం వస్తాయి. ఒక్క ఫ్రేమ్ చూసి తీర్పు చెప్పకండి, కొన్ని తీసి ఏ పెట్టె ఎక్కువసార్లు షార్ప్‌గా ఉందో చూడండి. వ్యూఫైండర్‌కు 1.4 రెట్ల మ్యాగ్నిఫయర్ దొరికితే పెట్టుకోండి. ఎం9 వ్యూఫైండర్ 0.68 రెట్లే కాబట్టి 135కు ప్యాచ్ కలిసిందో లేదో చెప్పడం కళ్లకు కష్టమే.

అడాప్టర్ మార్చాక కూడా అన్ని దూరాల్లోనూ కొద్దిగా బ్యాక్ ఫోకస్ మిగిలితే అప్పుడు లెన్సు సంగతి చూడాలి. హెక్టర్‌లో గాజు ఉన్న ముందు భాగం మొత్తం ఫోకసింగ్ బ్యారెల్ నుంచి స్క్రూలా తిప్పితే ఊడి వస్తుంది. ముందు అది పూర్తిగా బిగిసి ఉందో లేదో చూడండి, వదులుగా ఉంటే గాజు ముందుకొచ్చి కొలతలన్నీ తప్పుతాయి. ఒక లెన్సు ముందు భాగాన్ని ఇంకో లెన్సు బ్యారెల్‌కు తగిలించి అమ్మినవీ ఉంటాయి. బిగువు సరిగ్గానే ఉంటే ఆ ముందు భాగం కూర్చునే చోట షిమ్ (సందులో వేసే పల్చటి రింగు) వేయాలి. బ్యాక్ ఫోకస్‌కు షిమ్ కలపాలి, ఫ్రంట్ ఫోకస్ (ముందు షార్ప్‌గా పడటం) అయితే ఉన్నదాన్ని తగ్గించాలి. 3 మీటర్ల దగ్గర 5 సెం.మీ. తేడాకు సుమారు 0.1 మి.మీ. షిమ్ పడుతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను రింగులా కత్తిరించి పొరలు వేసి చూడండి. లెక్క కుదిరాక రాణీగంజ్‌లో ఇత్తడి షిమ్ షీటు కొని అదే మందంలో శాశ్వతంగా వేసుకోవచ్చు. నేను రెండు పొరల ఫాయిల్‌తోనే ఆపేశాను, ఇప్పటికీ కదల్లేదు. షిమ్ వేశాక ఇన్ఫినిటీ మళ్లీ చూడాలి. దగ్గర సరిపోయి దూరం చెడితే తేడా షిమ్‌తో తీరేది కాదు, క్యామ్ అరిగిందో, బ్యారెల్ ఈ గాజుది కాదో అన్నమాట.

దయచేసి ఒక్క పని మాత్రం చేయకండి. అలెన్ కీతో రోలర్ తిప్పి 135కు సరిచేసుకోమని వీడియోల్లో చెప్తుంటారు. అలా చేస్తే ఇది కుదురుతుంది, మిగతా లెన్సులన్నీ చెడతాయి. ముందున్న ఎర్ర చుక్క కింది స్క్రూ ప్యాచ్‌ను పైకీ కిందకీ సర్దడానికే, మీ సమస్యకు అది పనికిరాదు.

ఇన్ని చేసినా లొంగకపోతే, క్యామ్ పాడైన హెక్టర్‌ను మిర్రర్‌లెస్ కెమెరాలు వాడేవాళ్లకు ఉన్న విషయం చెప్పి అమ్మేయండి. వాళ్లు సెన్సర్ మీదే చూసి ఫోకస్ చేస్తారు, క్యామ్‌తో వాళ్లకు పనేలేదు.