రిటైర్మెంట్ డబ్బు తీసి పోస్టర్ కొనాలా?

ప్రశ్న: నా వయసు 47. ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచి పాత సినిమా పోస్టర్లు సేకరిస్తున్నాను, ఇప్పటికి 60 దాకా ఉన్నాయి. వచ్చే నెల ఒక వేలంలోకి 1930ల నాటి హాలీవుడ్ హారర్ సినిమా పోస్టర్ ఒరిజినల్ వస్తోంది. నా రెండేళ్ల జీతం పెడితే గానీ చేతికి రాదు. ధరలో సగం రిటైర్మెంట్ కోసం దాచినదాంట్లోంచి తీసి, మిగతా సగం ఇంటి మీద అప్పు చేసి కొందామని ఉంది. ఇంకో 13 ఏళ్లకి రిటైరవుతాను, అప్పుడు అమ్మితే అదే నా పెన్షన్. ఇలాంటివాటి ధర ఎప్పటికీ తగ్గదంటారు కదా. నా భార్య మాత్రం “కాగితం ముక్క కోసం ఇల్లు తాకట్టు పెడతారా” అంటోంది. ఎవరిది రైటు? ఇంకో చిన్న సందేహం: ఉన్న పోస్టర్లన్నిటికీ లినెన్ బ్యాకింగ్, అంటే వెనక గుడ్డ అంటించడం, చేయిస్తే విలువ పెరుగుతుందా?

జవాబు: అప్పు విషయంలో ఆవిడదే రైటు. “కాగితం ముక్క” అన్నందుకు మాత్రం నేను మీ పక్షమే. థియేటర్ వాళ్లు వారం ఆడించి, చించేసి, దాని మీదే మరోటి అంటించే సరుకు అది. వాడిన పోస్టర్ని వెనక్కి పంపడమో పారేయడమో తప్ప దాచుకునే అలవాటు ఎవరికీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం సేకరించినప్పుడు పోయినవి పోగా మిగిలినవి ఇప్పుడు మీరు చూస్తున్నవి. అందుకే కొన్ని సినిమాల పోస్టర్లు ప్రపంచం మొత్తమ్మీద మూడో నాలుగో మిగిలాయి. ఆ మోజు నాకు అర్థమవుతుంది. మోజుకి పెన్షన్ అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ.

“ధర ఎప్పటికీ తగ్గదు” అన్న మాటతో మొదలుపెడదాం. 1932 నాటి ‘ది మమ్మీ’ పోస్టర్ 1997లో సోథెబీస్ వేలంలో 4,53,500 డాలర్లు పలికింది. సినిమా పోస్టర్లలో అప్పటికి అదే రికార్డు. ఆ సినిమా పోస్టర్ ఒకటి 2018లో మళ్లీ వేలానికొచ్చింది. తెలిసినంతలో మిగిలినవి మూడే ప్రతులు, పైగా 10 నుంచి 15 లక్షల డాలర్లు పలుకుతుందని అంచనా. పత్రికలన్నీ ముందే రాశాయి. తీరా చూస్తే అమ్ముడుపోలేదు. అరుదు కావడం ఒకటి, ఆ రోజు ఆ ధరకి కొనేవాడు ఉండటం ఇంకొకటి. ఈ బజారు పైఅంతస్తులో ఒక పోస్టర్ కోసం గట్టిగా పాడేవాళ్లు నలుగురైదుగురు ఉంటే గొప్ప. వాళ్లలో ఇద్దరు ఆ నెల చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, ధర చతికిలబడుతుంది. ఇంకో తిప్పలు కూడా ఉంది. వేలంలో మిగిలిపోయిన పోస్టర్ని వెంటనే మరో వేలంలో పెడితే మంచి ధర రావడం కష్టం. దాన్ని ఎవరూ కొనలేదని కలెక్టర్లందరికీ తెలిసిపోతుంది కాబట్టి కొన్నేళ్లు బీరువాలో ఉంచాల్సి రావచ్చు. మీ రిటైర్మెంట్ అన్నాళ్లు ఆగుతుందా?

మనకి గుర్తుండేవి మాత్రం గెలిచిన కథలే. 2017లో ‘డ్రాక్యులా’ పోస్టర్ 5,25,800 డాలర్లు పలికిందని అందరూ చెబుతారు. పెన్సిల్వేనియాలో ఒక ఇంటి అటక మీద గోడకాగితం జిగురుతో ఒకదానికొకటి అతుక్కుపోయిన 33 పోస్టర్లు దొరికాయి. ఆవిరి పట్టి విడదీసి 2012లో వేలం వేస్తే 5 లక్షల డాలర్లు దాటాయి. చదవడానికి భలే కథ. అది లాటరీ అండీ, దాన్ని చూసి ప్లాన్ వేసుకోలేం.

ఇక లెక్కలోకి వద్దాం. “అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్న సామెత వేలం హాలుకి అతికినట్టు సరిపోతుంది. సుత్తి 100 దగ్గర పడిందనుకోండి, అంటే వేలం పాట 100 దగ్గర ఆగింది. మీరు కట్టేది 100 కాదు. కొన్నవాడి దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే బయ్యర్స్ ప్రీమియం 20 నుంచి 25 శాతం ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 25 అనుకుంటే మీ జేబులోంచి పోయింది 125. రేపు మీరు అమ్మేటప్పుడు అమ్మకందారు కమిషన్ 15 శాతం అనుకుందాం, సుత్తి పడిన ధరలో మీకు మిగిలేది 85 శాతమే. అంటే పెట్టిన 125 తిరిగి రావాలంటేనే సుత్తి 147 దగ్గర పడాలి. ధర దాదాపు సగం పెరిగినా మీకు లాభం సున్నా. మరీ అరుదైన పోస్టర్ అయితే బేరమాడి అమ్మకం కమిషన్ తగ్గించుకోవచ్చు, ఒక్కోసారి పూర్తిగా వదిలేస్తారు కూడా. కానీ కొన్న రోజు కట్టిన ప్రీమియం ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మీ అప్పు కూడా కలపండి. సగం డబ్బు అప్పు, దానికి ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుందాం. మిగతా సగం రిటైర్మెంట్ ఖాతాలోనే ఉండి ఉంటే 7 శాతం సంపాదించేది అనుకుందాం. రెండూ కలిస్తే మీ డబ్బు ఖరీదు ఏడాదికి 8 శాతం. 13 ఏళ్లు చక్రవడ్డీ వేస్తే 125 కాస్తా 340 అవుతుంది. అది మీ చేతికి రావాలంటే కమిషన్ పోను సుత్తి 400 దగ్గర పడాలి. 100కి పాడిన పోస్టర్ 13 ఏళ్లలో నాలుగింతలు పలికితే గానీ మీరు మొదలుపెట్టిన చోటికి చేరరు! ఇందులో ఇన్సూరెన్సు, ప్యాకింగు, రవాణా, లాభం మీద పన్ను ఏవీ కలపలేదు. పైగా అప్పు వాయిదా నెల నెలా మీ జీతంలోంచే పోవాలి. ఇల్లు కొంటే అద్దె వస్తుంది, డిపాజిట్ చేస్తే వడ్డీ వస్తుంది. పోస్టర్ గోడ మీద అందంగా ఉంటుంది, అంతే.

అప్పులున్నవాడి చేతిలో అరుదైన పోస్టర్ ఏమవుతుందో ఈ రంగంలో ఒక పెద్ద ఉదాహరణే ఉంది. 1927 నాటి ‘మెట్రోపోలిస్’ పోస్టర్ 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడై కొత్త రికార్డు సృష్టించింది. కొన్న కలెక్టరు తర్వాత దివాలా తీశాడు. 2012లో కోర్టు ద్వారా ఆ పోస్టర్ని మరో ఎనిమిది వస్తువులతో కలిపి ఒకే మూటగా 12 లక్షల డాలర్లకు అమ్మేశారు. ధర ఎక్కువా తక్కువా అని వాదించుకోవచ్చు. ఎప్పుడు అమ్మాలి, ఎలా అమ్మాలి అన్నది మాత్రం ఆయన చేతిలో లేకుండా పోయింది. అప్పు చేసి కొంటే మీకు వచ్చే అసలు ప్రమాదం ఇదే.

నకిలీల గురించి మీకు నేను చెప్పేంతవాణ్ని కాదు, అయినా ఒక్క మాట. అమెరికన్ పోస్టర్లలో 1940 తర్వాతివాటిని పంపిణీ చేసింది ఎక్కువగా నేషనల్ స్క్రీన్ సర్వీస్. కింది అంచున సంవత్సరం, వరస నంబరు వేసేవాళ్లు, మళ్లీ విడుదలైన సినిమా అయితే ముందు ‘ఆర్’ అక్షరం ఉండేది. మీరు కొనబోయేది అంతకుముందుది, ఆ గుర్తు దాని మీద ఉండదు. కాబట్టి కాగితం, రాతి అచ్చు రంగులు, మడతలు, 27 బై 41 అంగుళాల కొలత చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం ఇన్నాళ్లూ అది ఎవరెవరి చేతుల్లో ఉందన్న చరిత్ర. 2009లో బయటపడ్డ నకిలీల వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అవి సరిగ్గా మీకు నచ్చే రకమే, యూనివర్సల్ స్టూడియో పాత హారర్ సినిమాలవి. తలపండిన కలెక్టర్లే వాటిని కొన్నారు. అమ్మినవాడికి తర్వాత జైలుశిక్ష పడింది, పోయిన డబ్బు మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాదు. జీతంలో మిగిలిన డబ్బుతో మోసపోతే ఏడాది బాధ. రిటైర్మెంట్ డబ్బుతో మోసపోతే కోలుకోవడానికి మీకున్నది 13 ఏళ్లే.

మరి ఏం చేయాలి? కొనే ముందు అమ్మి చూడండి. మీ ఉత్తరమంతా వెతికాను, ఇన్నేళ్లలో ఒక్క పోస్టరైనా అమ్మినట్టు ఎక్కడా లేదు. 60లో డబుల్ ఉన్నవి, పెద్దగా మనసు పడనివి ఒక ఐదు తీయండి. ఏదైనా వేలం సంస్థకి ఫొటోలు పంపండి. వాళ్లు ఒప్పుకున్నవెన్ని, ఇచ్చిన అంచనా ఎంత, రిజర్వ్ ధర (అంతకు తక్కువైతే అమ్మనన్న హద్దు) పెట్టనిచ్చారా లేదా, సుత్తి ఎక్కడ పడింది, కోతలన్నీ పోను ఎంత వచ్చింది, డబ్బు చేతికి ఎన్నాళ్లకి అందింది, అన్నీ రాసుకోండి. అమ్మాక నెల, నెలన్నర ఆగాల్సి రావడం మామూలే. కేటలాగులో చోటు కోసం అంతకుముందు కొన్ని నెలలు ఎదురు చూడాలి. తర్వాత ఆ ఐదూ ఏ ఏడు ఎంతకి కొన్నారో చూసి ఏడాదికి ఎంత శాతం వచ్చిందో లెక్క వేయండి. మీ దగ్గరున్నది ఆస్తో, అందమైన ఖర్చో ఆ అంకె చెబుతుంది. నా దగ్గరికొచ్చే కలెక్టర్లలో చాలామంది కొన్న ధర పొల్లుపోకుండా చెబుతారు, ఇప్పటి విలువ అడిగితే మాత్రం ఎక్కడో చూసిన రికార్డు ధర చెబుతారు. వాపు చూసి బలుపనుకోవడం అంటే అదే.

ఇల్లు కాక మీకున్న మొత్తం ఆస్తిలో సేకరణ అంతా కలిపి 5 శాతం దాటకూడదన్నది నేను పెట్టే గీత. ఇది శాస్త్రమేం కాదు, రాత్రి నిద్ర పట్టే లెక్క. అమ్మి చూసిన ధరల ప్రకారం మీ 60 పోస్టర్లే ఆ గీత దాటేస్తే, కొత్తది కొనాలంటే పాతవి అమ్మే కొనాలి. నిజానికి మంచి కలెక్టర్లు చేసేదీ అదే, పది మామూలువి ఇచ్చి ఒక మంచిది తెచ్చుకుంటారు. ఆ సినిమా మీదే ప్రాణమైతే దాని లాబీ కార్డు చూడండి, థియేటర్ లాబీలో పెట్టే 11 బై 14 అంగుళాల చిన్న పోస్టర్. లేదంటే మళ్లీ విడుదలైనప్పటి పోస్టర్, కాకపోతే వేరే దేశానిది. పరాయి దేశపు పోస్టరని చిన్నచూపు అక్కర్లేదు. ‘కాసాబ్లాంకా’ ఇటాలియన్ పోస్టర్, 1946 నాటిది, 2017లో 4,78,000 డాలర్లు పలికింది. ఏది పాడినా మీ హద్దు ముందే కాగితం మీద రాసి, 25 శాతం ప్రీమియం అయితే దాన్ని 1.25తో భాగించుకోండి. మొత్తం 100 దాటకూడదనుకుంటే చెయ్యి 80 దగ్గరే దించేయాలి.

లినెన్ బ్యాకింగ్ అన్నిటికీ వద్దు. మడతల దగ్గర చిరుగుతున్న పాత పోస్టర్కి, గోధుమ గంజితో అంటించి, మళ్లీ ఊడదీయడానికి వీలుగా చేసే నిపుణుడు దొరికితే మేలే. బాగున్నదాన్ని, కొత్త కాలపుదాన్ని ముట్టుకోకండి. అలా చేస్తే ఖర్చుకి ఖర్చు, విలువా తగ్గొచ్చు. రంగులు దిద్దించి ఉంటే అమ్మేటప్పుడు దాచకండి.

ఆఖరుగా మీ భార్య కోసం ఒక పని. ప్రతి పోస్టర్కి ఫొటో, కొన్న తేదీ, ధర, రసీదు, ఎలా ఉంది, అమ్మాలంటే ఎవరిని అడగాలి, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టండి. అది లేకపోతే, రేపు మీకేమైనా అయినప్పుడు ఆవిడ ఇంటికొచ్చిన మొదటి డీలర్కి అన్నీ కట్టగట్టి ఇచ్చేస్తారు. మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి అతను సగం ధరైనా ఇస్తే గొప్పే. ఇన్సూరెన్సు వాళ్లు అడిగేదీ, పన్ను లెక్కలో మీ కొన్న ధరకి రుజువూ ఆ ఫైలే.

వచ్చే నెల వేలం చూడండి, పాడకండి. సుత్తి ఏ ధర దగ్గర పడిందో రాసుకుని, మీ ఐదు పోస్టర్ల లెక్కతో కలిపి నాకు పంపండి.