వెంటిలేటర్ పెట్టినవారికి ఎత్తు కొలవడం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. న్యుమోనియా ముదరడంతో విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులుగా వెంటిలేటర్‌పై ఉన్నారు. మొదటిరోజు టేపుతో ఎత్తు కొలిచారు. ఇప్పుడు రోజూ గంటల తరబడి బోర్లా పడుకోబెడుతున్నారు. వెంటిలేటర్ ఎక్కినవారు తిరిగి రారని బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నిజం కాదు. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేవరకు ఊపిరిని నిలబెడుతుంది. పరిస్థితి విషమించినవారికే అమరుస్తారు కనుక నింద యంత్రం మీద పడుతోంది.

అయితే ఆ యంత్రం హాని చేయగలదన్నదీ వాస్తవమే. అసలు మార్పు దాన్ని వాడే తీరులో వచ్చిందని నా అభిప్రాయం. ఒకప్పుడు ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల గాలి పంపేవారు. ఊపిరితిత్తుల్లో చాలా భాగం నీరు పట్టి మూసుకుపోయినప్పుడు, ఆ గాలంతా మిగిలిన కొద్ది భాగంలోకే దూరి, దాన్ని సాగదీసి గాయపరిచేది. 2000లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో కిలోకు 12కు బదులు 6 మిల్లీలీటర్లు ఇచ్చిన రోగుల్లో మరణాలు 31 శాతం కాగా, 12 ఇచ్చినవారిలో దాదాపు 40 శాతం. ఎత్తు కొలిచింది ఇందుకే: మనిషి లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 165 సెంటీమీటర్ల పురుషుడు 85 కిలోలు తూగినా, ఎత్తును బట్టి లెక్కకు తీసుకునేది సుమారు 61 కిలోలే. కిలోకు 6 చొప్పున శ్వాసకు సుమారు 370 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెడతాం.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె, పొట్ట బరువుకు వీపు వైపు ఊపిరితిత్తులు ముడుచుకుంటాయి. బోర్లా తిప్పితే అవి విచ్చుకుంటాయి. జబ్బు తీవ్రంగా ఉన్నవారిని రోజుకు కనీసం 16 గంటలు ఇలా ఉంచితే 28 రోజుల్లో మరణాలు సగానికి తగ్గాయని 2013లో ఫ్రాన్స్ వైద్యుల నేతృత్వంలో జరిగిన అధ్యయనం చూపింది. ముఖం ఉబ్బి కనిపిస్తే భయపడకండి. వెల్లకిలా తిప్పాక క్రమంగా తగ్గుతుంది.

మీ నాన్నగారిని చూడకుండా ఆయన ఎప్పటికి కోలుకుంటారో చెప్పలేను. డాక్టర్‌ను కలిసినప్పుడు ఆక్సిజన్ ఎంత శాతం పెడుతున్నారో అడగండి; మామూలు గాలిలో ఉండేది 21 శాతం కాబట్టి, ఆ అంకె రోజురోజుకూ దానివైపు దిగుతుంటే మంచి సూచన. మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారో కూడా తెలుసుకోండి. రెండో వారంలో మెడ దగ్గర గొట్టం వేస్తామంటే ఆశ వదులుకున్నారనుకోవద్దు. నోటి గొట్టం తీసేస్తే మత్తు అవసరం తగ్గి, యంత్రం నుంచి మెల్లగా తప్పించడం తేలికవుతుంది.