కార్డినల్ టెట్రాలు, తిరుపతి బోరు నీళ్ళు: పీహెచ్ లిక్విడ్ ఆపేసి ముందు కేహెచ్ చూడండి

మీ సమస్య ఇదే కదా అన్నా, తిరుపతి బోరు నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) 700 దాకా ఉంది, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 8, కార్డినల్ టెట్రాలకి (ట్యాంకులో పెంచే ఎర్రచార చిన్న చేపలు) 6 ఉండాలని చదివి రోజూ పీహెచ్ తగ్గించే లిక్విడ్ పోస్తా ఉన్నారు, అయినా వారానికి రెండు మూడు చేపలు పోతా ఉన్నాయి. ఆ లిక్విడ్ పోయడం ఈ రోజే ఆపేయండి. నేనూ అచ్చం ఇదే చేసి పన్నెండు కార్డినల్స్‌ని పది రోజుల్లో పోగొట్టుకున్నా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తా ఉన్నా.

మాదీ తిరుపతే, బైరాగిపట్టెడ. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు బకెట్ లోపల తెల్లగా చార కట్టేస్తుంది, మా అమ్మ చింతపండు పెట్టి తోమితే గానీ అది పోదు. అప్పట్లో చేపలు కొన్న షాపాయన ఒక లిక్విడ్ ఇచ్చి ఒక మూత పోయమన్నాడు. సాయంత్రం పోసి చూస్తే 6.6 వచ్చింది, చాలా సంతోషపడినా, పొద్దున లేచి చూస్తే మళ్ళీ 7.8. మళ్ళీ పోసినా. ఇట్లా రోజూ. నాలుగో రోజుకి చేపలన్నీ ఒక మూలకి చేరి రెక్కలు ముడుచుకుని నీళ్ళ పైపైన నోరు తెరిచి మూస్తా ఉన్నాయి, అంత ఎర్రగా ఉండే చార వెలిసిపోయి గులాబీ రంగులోకి వచ్చేసింది.

ఎందుకిట్లా అయిందో నాకు తర్వాత ఆ చింతపండు దగ్గరే అర్థమైంది. పులుపు ఆ తెల్లచారని తినేస్తుంది కదా, ట్యాంకులో జరిగేదీ అదే. ఆ చార కట్టే బైకార్బొనేట్లు మన నీళ్ళలో బాగా కరిగి ఉంటాయి, మనం పోసిన యాసిడ్ అంతా ముందు వాటితోనే ఖర్చయిపోతుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కాబట్టి కాసేపు పీహెచ్ తగ్గినట్టు కనిపిస్తుంది, రాత్రంతా ఎయిర్ పంపు ఆడితే ఆ గ్యాసు బయటికి పోయి పీహెచ్ మళ్ళీ పైకి వస్తుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లం పదింతల తేడా, రోజూ అట్లా ఎక్కిదిగితే వేలెడంత కూడా లేని చేప ఎట్లా తట్టుకుంటుంది చెప్పండి. 8 దగ్గర కదలకుండా వదిలేసి ఉన్నా అంత తొందరగా పోయి ఉండేవి కావని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఈ బైకార్బొనేట్లు ఎంత ఉన్నాయో చెప్పేదే కేహెచ్. చుక్కల టెస్ట్ కిట్ దొరుకుతుంది, 5 ఎంఎల్ నీళ్ళలో ఒక్కో చుక్కా వేసి కదుపుతా పోవాలి, మొదట నీలంగా ఉంటుంది, పసుపు అయినప్పుడు ఎన్ని చుక్కలు పడ్డాయో అదే మీ కేహెచ్. మా బోరుకి పద్నాలుగో చుక్కకి గానీ పసుపు రాలేదు.

ఇక కార్డినల్స్ ఊరు చూడండి. బ్రెజిల్‌లో రియో నెగ్రో, పేరుకి అర్థమే నల్ల నది. మనౌస్ దగ్గర అది బురద రంగు సొలిమోయెస్ నదితో కలిసే చోట రెండు రంగులూ కిలోమీటర్ల కొద్దీ పక్కపక్కనే పారతాయి. వానల కాలం వచ్చిందంటే అడవి నెలల తరబడి నీళ్ళలోనే నిలబడి ఉంటుంది, రాలిన ఆకులన్నీ అందులో నాని నానీ నీళ్ళు డికాషన్ రంగుకి వస్తాయి. ఆ నేలలో సున్నం దాదాపు లేదు, అందుకని టీడీఎస్ వాన నీళ్ళకి దగ్గరగా ఉంటుంది, పీహెచ్ 5 చుట్టుపక్కల, ఒక్కోచోట ఇంకా తక్కువ. అంటే అక్కడ అసలు విషయం ఉప్పులు లేకపోవడం, పీహెచ్ తగ్గడం దాని వెనకాల దానంతటదే వచ్చింది. మనం ఆ వెనకాల వచ్చినదాన్ని పట్టుకుని లాగుతా ఉన్నాం.

కాబట్టి నీళ్ళనే మార్చాలి. నాది వంద లీటర్ల ట్యాంకు, వారానికి ఇరవై లీటర్లు మారుస్తా. అందులో 16 లీటర్లు ఆర్వో క్యాన్ నీళ్ళు, మా వీధి ప్లాంటువి 40 టీడీఎస్ ఉంటాయి, 4 లీటర్లు బోరువి, నాది 720. కలిపితే 176 వస్తుంది, కేహెచ్ మూడు లోపల. రియో నెగ్రోతో పోలిస్తే ఇదీ ఎక్కువే, కానీ చేపలు హాయిగా ఉన్నాయి, నాకది చాలు. మొత్తం ఆర్వోనే పోసేయకండి, కేహెచ్ సున్నా అయితే పీహెచ్‌ని పట్టి ఉంచేది ఏమీ లేక ఒక్కరోజులో పడిపోవచ్చు, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది. ఇప్పుడున్న చేపల కోసం అయితే ఒక్కసారిగా మార్చొద్దు, వారానికి పది పదిహేను లీటర్ల లెక్కన నెల, నెలన్నర తీసుకోండి.

నీళ్ళు మెత్తబడినాకే, అంటే ఉప్పులు తగ్గినాకే, ఆ డికాషన్ రంగు కోసం బాదం ఆకులు. చెట్టు నుంచి తానే రాలి ఎండి ఎర్రబారినవి, మందు కొట్టని చెట్టువి, కడిగి వేస్తే రెండు మూడు రోజులు తేలి తర్వాత మునుగుతాయి. మా వీధి చివర స్కూల్లో చెట్టుంది, వాచ్‌మెన్ అన్నని అడిగి ఏరుకుంటా, వంద లీటర్లకి మూడు ఆకులు. ఉప్పులెక్కువున్న గట్టి నీళ్ళలో ఇవి వేస్తే రంగు వస్తుందే కానీ పీహెచ్ కదలదు, నేను ముందు చేసిన ఇంకో తప్పు అది. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, రంగంతా లాగేస్తుంది.

మన ఎండల గురించి ఒక మాట. ఏప్రిల్, మేలో ట్యాంకు నీళ్ళు రెండు రోజులకే ఒక వేలు మందం ఇంకిపోతాయి, ఇంకేది నీళ్ళే, ఉప్పులు లోపలే ఉంటాయి. పోయిన సంవత్సరం తగ్గినంత బోరు నీళ్ళతో నింపుతా పోతే నెలన్నరలో టీడీఎస్ 176 నుంచి 390 అయింది. తగ్గిన నీళ్ళ వరకు ఉత్త ఆర్వోనే పోయాలి. నీళ్ళు 30 దాటితే పైన చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

కొత్త చేపలు తెస్తే కవరుతో సహా ట్యాంకులో ముంచి అరగంటకి వదిలేస్తారు చాలామంది, అది వేడి సరిపోవడానికే, నీళ్ళ తేడాకి చాలదు. ఎయిర్ పైపుకి ముడి వేసి ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా బకెట్‌లోకి గంటన్నర వదలండి. నేను రెండోసారి చెన్నై కొళత్తూరు నుంచి పది తెచ్చినప్పుడు అట్లానే చేసినా, ఏడాది దాటింది, తొమ్మిది ఉన్నాయి.

క్యాన్లు మోయడం కుదరకపోతే మన నీళ్ళకి సరిపోయే చేపలనే పెట్టుకోండి అన్నా, అదేమీ చిన్నతనం కాదు. గప్పీలు, మోలీలు, లేదా ఆఫ్రికాలో మలావి సరస్సు సిక్లిడ్లు, ఆ సరస్సు పీహెచ్ 8 చుట్టూనే ఉంటుంది. చిత్తూరులో మా బావ పసుపు సిక్లిడ్లు పెట్టినాడు, ఉత్త బోరు నీళ్ళే, నీళ్ళలో ఏ మందూ కలపడు, పిల్లలు కూడా పెట్టినాయి.

ముందు కేహెచ్ చూసి ఎన్ని చుక్కలకి రంగు మారిందో, మీ ట్యాంకు ఎన్ని లీటర్లో ఇక్కడే రాయండి, ఎంతకి ఎంత కలపాలో లెక్క వేసి చెప్తా.