రెండు జట్లకూ ఒకటే చెయ్యి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. టెన్త్ గ్రేడ్ చదువుతున్న మా అబ్బాయి బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఈ మార్చి నెలలో స్కూలు జట్టుకూ, ట్రావెల్ టీమ్‌కూ (ఊరూరా టోర్నమెంట్లకు వెళ్లే ప్రైవేటు క్లబ్ జట్టు) రెండింటికీ ఆడుతున్నాడు. కెమిస్ట్రీలో మార్కులు 71కి పడిపోయాయి. ట్రావెల్ టీమ్ మానేస్తే కాలేజీ కోచ్‌ల కంట పడడని మా వారు, చదువు పాడవుతుందని నేను రోజూ వాదించుకుంటున్నాము. మొన్న రాత్రి పదకొండింటికి వంటింట్లో ఫ్రీజర్‌లోని బఠానీల సంచి మోచేతికి అదుముకుని కూర్చున్నాడు. నాన్నకు చెప్పవద్దన్నాడు.

జవాబు: అమ్మా, మార్కుల గురించీ వాదనల గురించీ రాశారు గానీ, నా మనసు ఆ బఠానీల సంచి దగ్గరే ఉండిపోయింది. ఈ సంగతి మీ వారి దగ్గర దాచకండి. అయితే అబ్బాయికి తెలియకుండా చెప్పకండి. ఇద్దరం కలిసే చెబుదామని అతనితో అనండి. డాక్టరు పరీక్షించి సరేనన్నదాకా బంతి విసరనివ్వకండి.

మేజర్ లీగ్ బేస్‌బాల్ వారి పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 15, 16 ఏళ్ల పిల్లలు రోజుకు 95 బంతులకు మించి వేయకూడదు, 76 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. ఒకే సమయంలో ఒకటికి మించిన జట్లకు ఆడవద్దని కూడా అవే సూచనలు చెబుతున్నాయి. శుక్రవారం స్కూలు కోచ్ తన పుస్తకంలో 80 అని, ఆదివారం ట్రావెల్ కోచ్ తన పుస్తకంలో 60 అని రాసుకుంటే ఎవరి లెక్క వారికి సరిగానే ఉంటుంది, కానీ ఆ 140 మోసేది ఒక్క మోచెయ్యి. ఆ రెండు లెక్కలూ కలిపేవారు మీ ఇంట్లో ఎవరూ లేరనిపిస్తోంది. ఇకమీదట అబ్బాయే ఒక నోట్‌బుక్‌లో ప్రతిరోజూ రాసుకుని ఇద్దరు కోచ్‌లకూ చూపించాలి.

మీ వారి భయం అర్థం లేనిది కాదు. కాలేజీల సీజన్ కూడా వసంతంలోనే సాగుతుంది కనుక, కోచ్‌లు పిల్లల ఆట చూడటానికి ఎక్కువగా వచ్చేది వేసవి టోర్నమెంట్లకే. సరిగ్గా ఆ కారణం చేతనే, మే వరకు స్కూలు జట్టుకు మాత్రమే ఆడి, వేసవిలో ట్రావెల్ టీమ్‌తో వెళితే అతను నష్టపోయేది చాలా తక్కువ. పైగా లెవెన్త్ గ్రేడ్‌కు ముందు వచ్చే ఆగస్టు 1 దాకా డివిజన్ వన్ (కాలేజీ ఆటలలో పై స్థాయి) కోచ్‌లు రిక్రూటింగ్ గురించి, అంటే తమ జట్టులోకి తీసుకోవడం గురించి, అతనితో మాట్లాడటానికే నిబంధనలు ఒప్పుకోవు. వేసవి ఆటలు ముగిశాక చేతికి వరుసగా రెండు మూడు నెలలు పూర్తి విశ్రాంతి ఇవ్వడం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

కెమిస్ట్రీ సంగతి కూడా ఆటకు సంబంధించినదేనని మీ వారికి చెప్పండి. టెక్సస్‌లో గ్రేడింగ్ పీరియడ్ చివర, మినహాయింపు ఉన్న అడ్వాన్స్‌డ్ కోర్సులు తప్ప, ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకు దూరం కావలసిందే. 71 అంటే గట్టు అంచున నిలబడినట్టే. డివిజన్ వన్‌లో ఆడటానికి హైస్కూల్లో చదవవలసిన 16 కోర్ కోర్సులలో (ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ వంటి ముఖ్య సబ్జెక్టులు) పది, ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యేలోపు పూర్తి కావాలి. కాలేజీ ఆటలలో మూడో స్థాయి అయిన డివిజన్ త్రీ కాలేజీలలో, హార్వర్డ్, యేల్ వంటివి ఉన్న ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు, అక్కడ తలుపు తెరవాలంటే మార్కులూ కావాలి.

ముగ్గురూ కూర్చున్నప్పుడు ముందుగా అబ్బాయినే మాట్లాడనివ్వండి. నొప్పి ఎప్పటి నుంచి ఉందో, ఎన్ని బంతుల తరువాత మొదలవుతుందో అతని నోటనే రావాలి. మీ వారు మధ్యలో అడిగినా, అతని బదులు మీరు జవాబు చెప్పకండి.